సెలవులకు పోవడానికి ఒక చెరువు
(పాఠంలో లేని చరిత్ర: 14వ భాగం)



ఈ వారం వైకోం గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారం. మధ్యలో మా ఇంట్లోనే ఒక ప్రశ్న లేచింది, దాన్ని దాటి వైకోం దాకా పోలేకపోయాను.

పోయిన మే నెలలో నేనూ, నా సహచరీ, ఆరో తరగతి అయిపోయిన మా పాపా కలిసి ఉత్తరాదిన కొండల్లో ఉన్న ఒక సరస్సు ఊరికి వెళ్ళాం. ఊరి పేరు రాయను. రెండేళ్ళు చీటీ కట్టి దాచుకున్న డబ్బు. రైలు, బస్సు, ఆ తర్వాత జీపు. ఒక ఇంటి మేడ మీద గది తీసుకున్నాం. కింద ఇంటివాళ్ళుంటారు, వాళ్ళ వంటింట్లోంచే మనకూ భోజనం. ఇంటి పెద్దాయన మర్యాదస్తుడు. కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ఆధార్ కార్డులు తీసుకుని, మా పేర్ల ముందున్న ఒక్క అక్షరం మీద వేలు పెట్టి ఇదేంటని అడిగాడు. ఇంటిపేరు అన్నాను. "అది సరే, పేరు వెనకాల ఏం పెట్టుకుంటారు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే నా సహచరి "రెడ్డి" అంది.

ఆయన మొహం విప్పారింది. హైదరాబాదులో తనకు తెలిసిన రెడ్డి ఒకాయన సంగతి చెప్పాడు. మూడు రోజులూ వేడివేడి రొట్టెలు పెట్టారు. రెండో రోజు పెడలు పడవలో సరస్సు మధ్యకు పోయాక పాప అడిగింది, "నాన్నా, అమ్మ ఎందుకట్లా చెప్పింది?"

పాతికేళ్ళుగా మైకుల ముందు మాట్లాడుతున్నవాణ్ణి. పడవలో మాట రాలేదు. నీళ్ళకేసి చూస్తూ తొక్కుతూ కూర్చున్నాను. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చదివిందే ఈ భాగం.

ముందు ఒక సంగతి. సెలవులకు ఎక్కడికైనా పోవడం అనేది మా ఇంట్లో మా పాపతోనే మొదలు. నా చిన్నప్పుడు వేసవి సెలవులంటే వెల్ఫేర్ హాస్టల్ మూసేసే రోజులు. హాస్టల్లో అన్నం నీళ్ళ చారుతోనైనా రెండు పూటలా ఉండేది. ఇంటికొస్తే ఒక పూటే. అందుకని మా అమ్మతోపాటు మిరప కల్లాల్లోకి పోయేవాణ్ణి, తాలుకాయలు ఏరడానికి. సాయంత్రానికి కళ్ళూ ముక్కూ మండిపోయేవి. జూన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన పిల్లలం మేం. చదువు మీద ప్రేమతో అనుకునేరు.

ఇక బాబాసాహెబ్ వేసవి సెలవుల గురించి.

మనలో చాలామందికి ఈ కథ తెలుసు. కానీ అది సెలవుల కథ అని మనం గుర్తించం. 1901. భీమ్‌రావుకు పదేళ్ళు. కుటుంబం సతారాలో ఉంది. అమ్మ లేదు. నాన్న రాంజీ గోరేగావ్‌లో క్యాషియరు. అక్కడ ప్రభుత్వం ఒక చెరువు తవ్విస్తోంది, కరువులో చచ్చిపోతున్న జనానికి పని చూపించడానికి. వేసవి సెలవులకు నా దగ్గరికి రండి అని నాన్న ఉత్తరం రాశాడు. పిల్లల ఆనందానికి హద్దు లేదు. అంతకుముందు వాళ్ళు రైలే చూడలేదు. కొత్త చొక్కాలు, జరీ టోపీలు, కొత్త జోళ్ళు, పట్టంచు పంచెలు కుట్టించుకుని భీమ్‌రావు, వాళ్ళన్న, చనిపోయిన అక్క కొడుకులిద్దరూ బయలుదేరారు. మసూర్ స్టేషన్లో దిగారు. వస్తున్నట్టు రాసిన ఉత్తరాన్ని నౌకరు నాన్నకు ఇవ్వడం మరిచిపోయాడు. ఎవరూ రాలేదు.

స్టేషన్ మాస్టరు వచ్చి, ఈ బట్టలు చూసి ఎవరో మంచి ఇంటి పిల్లలనుకుని, ఎవరు బాబూ మీరు అన్నాడు. మహర్లం అన్నారు. ఆయన మొహం మారిపోయింది. బయట బోలెడు బళ్ళున్నాయి. ఒక్కడూ ఎక్కించుకోడు, రెట్టింపు ఇస్తామన్నా సరే. చివరికి బేరం ఎట్లా కుదిరిందంటే, బాడుగ రెట్టింపు, బండి మీరే తోలుకోండి, నేను పక్కన నడుస్తానన్నాడు ఒకడు. రాత్రంతా ప్రయాణం. డబ్బాలో తిండి ఉంది, తాగడానికి నీళ్ళు లేవు, నీళ్ళు లేకుండా తిండి దిగదు. నడిరాత్రి టోలు దగ్గరికొచ్చారు. నీళ్ళు కావాలంటే మేం ముసల్మానులం అని చెప్పండి అని బండివాడే సలహా ఇచ్చాడు. భీమ్‌రావు ఉర్దూలో అడిగాడు. పదేళ్ళ పిల్లవాడు, తన పేరు దాచి, తనది కాని భాషలో. టోలు మనిషి నీళ్ళు లేవు పొమ్మన్నాడు. అబద్ధమూ నీళ్ళు తేలేదు. మర్నాడు పదకొండింటికి గోరేగావ్ చేరారు.

ఇదంతా ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు. ఇంట్లో ఎవరికైనా ఇంకా చదివి వినిపించకపోతే వినిపించండి. అదే పుస్తకంలో 1934 నాటి ఇంకో ప్రయాణం ఉంది. ఉద్యమ సహచరులు ముప్పైమంది దాకా కలిసి వేరూళ్ గుహలు చూడ్డానికి బయలుదేరి, దారిలో దౌలతాబాద్ కోటకు పోయారు. వాకిట్లో చిన్న చెరువు. దుమ్ము కొట్టుకుపోయిన మొహాలు కడుక్కున్నారు. వెనకనుంచి ఒక ముసలాయన అరుచుకుంటూ వచ్చాడు, చెరువు మైలపడిందని. అప్పటికి ఆయన బారిస్టరు, డాక్టరేట్లు తీసుకున్నవాడు, రౌండ్ టేబుల్ సమావేశాలకు పోయొచ్చినవాడు. పర్యాటకుడిగా మాత్రం ఆ కోటలో ఆయనకు చోటు లేదు. ఈసారి అడ్డుపడింది ముసల్మానులు. కులం ఏ మతంవాడి నోట్లోంచైనా మాట్లాడగలదు.

విహారయాత్ర అనేది సరదా సంగతి, దాని మీద చరిత్ర ఏముంటుందిలే అనుకుంటాం. మనిషి పని మీద పోతే లోకం కొంత ఓర్చుకుంటుంది. కూలీగా వస్తే అసలు పిలుస్తుంది. ఊరికే, గాలి పీల్చుకోవడానికి, పిల్లల చెయ్యి పట్టుకుని నీళ్ళ ఒడ్డున నడవడానికి వస్తే మాత్రం నువ్వెవరని అడుగుతుంది.

ఇప్పుడు అమెరికా పోదాం. బాబాసాహెబ్ కొలంబియా యూనివర్సిటీలో చదువుకుంటున్న రోజులు, 1913 నుంచి 1916 దాకా. ఆ రోజుల్లోనే అక్కడికి చాలా దూరంగా, మిషిగన్ రాష్ట్రంలో లేక్ కౌంటీ అనే చోట కొందరు తెల్ల భూవ్యాపారులు ఒక వింత వ్యాపారం మొదలుపెట్టారు. ఆ ప్రాంతమంతా ఒకప్పుడు దట్టమైన తెల్ల పైన్ అడవి. అంతకుముందు ఒడావా, ఒజిబ్వే ఆదివాసుల నేల. 1836 ఒప్పందంతో ప్రభుత్వం దాన్ని రాయించుకుంది. ఆ తర్వాత కలప కంపెనీలు దిగాయి. పంతొమ్మిదో శతాబ్దం అయ్యేసరికి చెట్లన్నీ కొట్టి, మొద్దులు మిగిల్చి పోయాయి. మిగిలింది ఇసక నేల. వ్యవసాయానికి పనికిరాదు. కానీ చిన్నచిన్న సరస్సులు మాత్రం ఉన్నాయి.

ఎవరికీ అక్కర్లేని ఈ నేలను ఎవరికి అమ్మాలి? తెల్లవాళ్ళు ఎక్కడా అడుగు పెట్టనివ్వని నల్లవాళ్ళకు. ఊరి పేరు ఐడిల్‌వైల్డ్. 1912లో పుట్టింది. ఇరవై అయిదు అడుగుల వెడల్పు, వంద అడుగుల పొడవు స్థలం, ధర 35 డాలర్లు. ముందు ఆరు డాలర్లు కట్టాలి, తర్వాత నెలకో డాలరు. చికాగో, డెట్రాయిట్ లాంటి ఊళ్ళనుంచి జనాన్ని తీసుకొచ్చి చూపించేవాళ్ళు. వ్యాపారుల మంచితనం గురించి ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోనక్కర్లేదు. పనికిరాని నేలను డబ్బు చేసుకున్నారు, అంతే. మన ఊళ్ళలో చవిటి నేలలూ శ్మశానం పక్క నేలలూ మనకు పట్టాలుగా వచ్చినట్టే. తేడా ఏంటంటే వాళ్ళు కొనుక్కున్నారు. కాగితం మీద పేరు వాళ్ళది.

నెలకో డాలరంటే ఎంతో తెలియాలంటే ఫోర్డ్ కార్ల కంపెనీని గుర్తుచేసుకోవాలి. 1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ రోజుకు అయిదు డాలర్ల జీతం ప్రకటించాడు. దక్షిణాదిన పత్తి చేలల్లో పాలేరుతనం చేస్తున్న నల్లవాళ్ళకు ఇట్లాంటి కబుర్లు చేరాయి. కట్టుబట్టలతో రైళ్ళెక్కారు. డెట్రాయిట్‌లో 1910లో ఆరు వేలకు లోపున్న నల్లవాళ్ళు 1930 నాటికి లక్షా ఇరవై వేలయ్యారు. ఫ్యాక్టరీలో వాళ్ళకు దొరికింది ఎక్కువగా ఫౌండ్రీ పని, కరిగిన ఇనుము పోసే చోటు, అందరికంటే వేడి, అందరికంటే ప్రమాదం. ఏ దేశంలోనైనా కొలిమి ముందు ఎవర్ని నిలబెడతారో మనకు చెప్పక్కర్లేదు. అట్లాంటి మనిషికి ఆగస్టులో నాలుగు రోజులు సరస్సు ఒడ్డున చెట్టు కింద పడుకోవడమంటే ఏంటో ఆలోచించండి.

మరి డెట్రాయిట్ చుట్టూ నీళ్ళే కదా, చికాగో ఉన్నదే పెద్ద సరస్సు ఒడ్డున కదా, రెండొందల మైళ్ళు పోవడం దేనికి అని అడగొచ్చు. దానికి జవాబు 1919 జులై 27. చికాగోలో ఎండ మండిపోతున్న ఆదివారం. యూజిన్ విలియమ్స్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు స్నేహితులతో కలిసి చెక్క తెప్ప మీద మిషిగన్ సరస్సులో ఆడుకుంటున్నాడు. ఒడ్డున ఇటు నల్లవాళ్ళు, అటు తెల్లవాళ్ళు. ఏ చట్టంలోనూ లేని గీత అది. ఇసక మీద గీత ఉంటుంది సరే, నీళ్ళ మీద ఎట్లా ఉంటుంది? తెప్ప తేలుతూ తెల్లవాళ్ళ వైపు పోయింది. ఒడ్డునుంచి ఒక తెల్లవాడు రాళ్ళు విసిరాడు. కుర్రాడు మునిగి చనిపోయాడు. రాళ్ళు వేసినవాణ్ణి చూపించి అరెస్టు చెయ్యమంటే పోలీసు చెయ్యలేదు. ఆ రోజు మొదలైన అల్లర్లలో 38 మంది చచ్చిపోయారు, 23 మంది నల్లవాళ్ళు, 15 మంది తెల్లవాళ్ళు. వెయ్యి నల్ల కుటుంబాలు ఇళ్ళు లేనివయ్యాయి.

డెట్రాయిట్‌ది 1943 జూన్ 20. అదీ ఆదివారమే. ఊరి నదిలో బెల్ ఐల్ అనే దీవి ఉంది, జనం చల్లగాలికి పోయే పార్కు. అక్కడ మొదలైన గొడవ ఊరంతా అంటుకుంది. 34 మంది చనిపోయారు, అందులో 25 మంది నల్లవాళ్ళు. రెండు ఊళ్ళలోనూ మొదలు నీటి ఒడ్డునే, సెలవు రోజునే.

ఇది చదువుతుంటే నాకు కారంచేడు గుర్తురాకుండా ఎట్లా ఉంటుంది? 1985 జులై. మాదిగపల్లె తాగే నీళ్ళ చెరువు దగ్గర గేదె తాగిన కుడితి బకెట్టు కడుగుతుంటే ఒక కుర్రాడు అదేంటని అడిగాడు. వాణ్ణి కొడుతుంటే మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది. మర్నాడు, 17వ తేదీన, ఊరి కమ్మ భూస్వాములు పల్లె మీద పడ్డారు. ఆరుగురిని వెంటాడి చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. మహాడ్‌లో 1927 మార్చి 20న బాబాసాహెబ్ చౌదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నప్పుడూ అంతే, ఆ తర్వాత దెబ్బలు. మనకు నీళ్ళంటే ముందు తాగడం, తర్వాత బతకడం. నీళ్ళలో ఆడుకోవడం అనేది మన ఉద్యమాల డిమాండ్ల జాబితాలో ఎప్పుడూ లేదు. రాయడానికి మనకే సిగ్గేసింది కాబోలు.

సరే, ఐడిల్‌వైల్డ్‌కు పోదాం. డెట్రాయిట్‌లో ఒక ఫౌండ్రీ కార్మికుడి కుటుంబాన్ని ఊహించుకోండి, 1950 ప్రాంతంలో. పొద్దున్నే చీకటితో లేస్తారు. అమ్మ ముందురోజు రాత్రే కోడిమాంసం వేయించి, గుడ్లు ఉడకబెట్టి, చెప్పుల అట్టపెట్టెల్లో సర్దుతుంది. దారిలో హోటల్లో తినొచ్చుగా అని పిల్లలు అడగరు, వాళ్ళకు తెలుసు. ఒక ఖాళీ డబ్బా కూడా పెడతారు, పిల్లలకు ఒంటికి వస్తే ఆపుకోవడం కష్టం, బంకుల్లో మరుగుదొడ్డి తాళం ఇవ్వరు. కారు పెట్టెలో ఒక చిన్న పుస్తకం, గ్రీన్ బుక్. హార్లెంలో ఉండే విక్టర్ హ్యూగో గ్రీన్ అనే పోస్ట్‌మ్యాన్ 1936లో మొదలుపెట్టి ఏటేటా వేసిన పుస్తకం. ఏ ఊళ్ళో ఏ ఇంట్లో నల్లవాళ్ళకు గది ఇస్తారు, ఎక్కడ అన్నం పెడతారు, ఎక్కడ జుట్టు కత్తిరిస్తారు అన్నీ అందులో ఉంటాయి. ఉత్తరాది అంటే స్వేచ్ఛ అని మనం చదువుకున్నాం. ఆ ఉత్తరాదిలోనే పొద్దుగూకేసరికి నల్లవాడు కనిపించకూడదనే ఊళ్ళు వందల్లో ఉండేవి. వాటిని తప్పించుకుంటూ, వేగం మీరకుండా, బంకు దగ్గర మాటలు పెంచకుండా నాన్న బండి నడుపుతాడు. వెనక సీట్లో పిల్లలు పాటలు పాడుతుంటారు.

ఇసక దారి మలుపు తిరిగి ఓక్ చెట్ల మధ్యలోకి వస్తే కనబడేవాళ్ళంతా తమవాళ్ళే. కొట్టు నడిపేవాడు, మోటెల్ యజమాని, గుర్రపు స్వారీ నేర్పేవాడు, చర్చి ఫాదరు, అందరూ. కారు అద్దం దించి నాన్న గట్టిగా నవ్వుతాడు. ఆ నవ్వు కోసమే పిల్లలు ఏడాదంతా ఎదురుచూసి ఉంటారని నా అనుకోలు. మా నాన్న ఊరి మధ్యలో అట్లా నవ్వగా నేను చూడలేదు.

ముందుగా కట్టినవి చిన్నచిన్న చెక్క గదులు, ఒక మంచం పడితే నిండిపోయేంత. వాటిని డాగ్‌హౌస్‌లని వాళ్ళే నవ్వుతూ పిలుచుకున్నారు. ఆ పక్కనే పెద్దల బంగళాలు. డాక్టర్ డానియల్ హేల్ విలియమ్స్ అక్కడ స్థలం కొన్నాడు. 1893లో చికాగోలో కత్తిపోటు తగిలిన మనిషి ఛాతీ తెరిచి, గుండె చుట్టూ ఉన్న పొరకు కుట్లు వేసి బతికించిన సర్జన్ ఆయన. నల్ల డాక్టర్లకూ నర్సులకూ ఎక్కడా చోటు లేకపోతే ప్రావిడెంట్ హాస్పిటల్ నిలబెట్టినవాడు. ముసలితనంలో ఐడిల్‌వైల్డ్‌లోనే ఉండిపోయి 1931లో అక్కడే కన్నుమూశాడు. సరస్సులో ఉన్న చిన్న దీవికి ఆయన పేరే. బట్టలుతికే పని చేసుకుంటూ మొదలై తలనూనెల వ్యాపారంతో లక్షాధికారి అయిన మేడమ్ సి.జె. వాకర్ స్థలాలు కొన్నది. డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ కొన్నాడు. 1921లో తన పత్రిక 'ది క్రైసిస్'లో ఆ ఊరిని పొగుడుతూ రాశాడు.

రాత్రుళ్ళు ప్యారడైజ్ క్లబ్, దీవి మీద ఫ్లమింగో క్లబ్. ఆర్థర్ బ్రాగ్స్ అనే ఆయన నడిపిన ఐడిల్‌వైల్డ్ రెవ్యూ. తర్వాత మోటౌన్‌లో పేరు మోగిపోయిన ఫోర్ టాప్స్ అక్కడ పాడుతూ ఎదిగినవాళ్ళే. డెల్లా రీస్, జాకీ విల్సన్ అక్కడ పాడారు. పెద్ద పెద్ద హోటళ్ళలో పాడించుకుని, అదే హోటల్లో పడుకోనివ్వని కాలంలో, పాడినచోటే పడుకుని పొద్దున సరస్సులో ఈత కొట్టగలిగిన ఊరు అది. 1950ల్లో వేసవి రద్దీలో పాతికవేల మంది దాకా వచ్చేవాళ్ళు.

దీన్ని స్వర్గం చేసి చూపించడం నాకు ఇష్టం లేదు. డాక్టర్లు, లాయర్లు, అండర్‌టేకర్లు ఒకవైపు, ఫౌండ్రీ కార్మికులు ఒకవైపు. గదులు ఊడ్చినవాళ్ళూ పళ్ళేలు కడిగినవాళ్ళూ ఆ నల్లవాళ్ళలోని పేదలే. మనలో ఆఫీసర్ల కాలనీకీ పల్లెకీ మధ్య ఎంత దూరం ఉందో అక్కడా అంతే ఉండి ఉంటుంది. అసలు కారే లేనివాడికి ఐడిల్‌వైల్డ్ ఎంత, పారిస్ ఎంత? సెలవులకు పోలేని నల్లవాళ్ళే ఎక్కువ. దక్షిణాదిన పత్తి చేలల్లో ఉండిపోయినవాళ్ళకు ఆ పేరు కూడా తెలియదు.

దక్షిణాది అంటే గుర్తొచ్చింది, 1955 ఆగస్టు. చికాగోలో పద్నాలుగేళ్ళ ఎమ్మెట్ టిల్. వాళ్ళమ్మ మామీ ఆ వేసవి ఒమాహాలో చుట్టాలింటికి కారులో పోదామనుకుంది. దారిలో బండి నడపడం నేర్పుతానని కూడా ఆశ పెట్టింది. పిల్లవాడు వినలేదు. మిసిసిప్పీలో పెద్దతాత మోజెస్ రైట్ ఇంటికి పోతానన్నాడు, అక్కడ చేపలు పట్టొచ్చు, వరసైన పిల్లలతో ఆడుకోవచ్చు. మన పిల్లలు అమ్మమ్మ ఊరికి పోతానని మారాం చేసినట్టే. అక్కడ ఒక తెల్ల ఆవిడ కొట్లో మిఠాయి కొనబోయి ఆమెతో చనువుగా మాట్లాడాడని, ఆగస్టు 28 తెల్లవారుజామున ఇంట్లోంచి ఎత్తుకుపోయి, చంపి, మెడకు బరువు కట్టి టల్లహాచీ నదిలో పడేశారు. శవపేటిక మూత తెరిచే ఉంచండి, నా బిడ్డను ఏం చేశారో లోకం చూడాలి అని పట్టుబట్టింది ఆ తల్లి. చంపినవాళ్ళను సెప్టెంబరులో తెల్ల జూరీ నిర్దోషులని వదిలేసింది. ఆ నెలంతా ఐడిల్‌వైల్డ్‌లో పిల్లలు ఈత కొడుతూ ఉండి ఉంటారు. ఒకే దేశం, ఒకే వేసవి. ఏ దిక్కుకు బండి తిప్పారన్నదే ప్రాణం తేల్చింది.

1964 జులై 2న పౌరహక్కుల చట్టం వచ్చింది. హోటళ్ళలో, భోజనశాలల్లో రంగు చూసి పొమ్మనడం నేరమైంది. గ్రీన్ బుక్ తర్వాత రెండు మూడేళ్ళకు ఆగిపోయింది. ఏదో ఒక రోజు ఈ పుస్తకం అవసరం లేకుండా పోవాలనీ, ఆ రోజు పుస్తకం ఆపెయ్యడమే సంతోషమనీ దాని ముందుమాటలోనే రాసుకున్నారు. చూడటానికి గ్రీన్ మాత్రం లేడు, 1960లోనే పోయాడు. ఐడిల్‌వైల్డ్ కూడా ఆగిపోయింది. డబ్బున్నవాళ్ళు ఇన్నాళ్ళూ రానివ్వని చోట్లకు పోయారు. పాటగాళ్ళు పెద్ద వేదికలకు పోయారు. క్లబ్బులు మూతపడ్డాయి. పైకప్పులు కూలాయి. 1979లో చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. ఇప్పుడక్కడ కొన్ని వందల మంది ఉంటారు, ఎక్కువమంది వయసుపైబడినవాళ్ళు. ఆ కౌంటీ మిషిగన్‌లో బాగా పేద కౌంటీల్లో ఒకటి.

ఇక్కడ నాకూ ఒక పాత మిత్రుడికీ గొడవైంది. ఫోన్లో గంటసేపు. వాడంటాడూ, మన చెరువు మనకుంటే చాలదా, వాళ్ళ దాంట్లో దిగాలని ఎందుకు ఆరాటం, దిగాక మనది ఎండిపోయింది చూడు అని. నేనన్నాను, యూజిన్ విలియమ్స్ తెప్ప ఏ నీళ్ళలో పోయినా బతికుండాలి కదా, అందుకు చట్టం కావాలి కదా అని. ఈ గొడవ మా ఇద్దరిదీ కాదు. డుబోయిస్ 1934లో, మనల్ని వెలివేసినంత కాలం మన సంస్థలు మనం కట్టుకోవాలని రాసి, సొంత సంఘంతోనే తగువై 'ది క్రైసిస్' వదిలేశాడు. బాబాసాహెబ్ నాయకత్వంలో 1942 జులైలో నాగపూర్ సమావేశం, అంటరానివాళ్ళకు హిందూ ఊళ్ళకు దూరంగా వేరే ఊళ్ళు కావాలని తీర్మానం చేసింది. చెరువు నీళ్ళ కోసం మహాడ్‌లో పోరాడిన మనిషే పదిహేనేళ్ళకు ఆ ఊరే వద్దన్నాడు. ఈ ఇద్దరూ 1946లో ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు, ఐక్యరాజ్యసమితికి నీగ్రోల పిటిషన్ గురించి. సెలవుల గురించి రాసుకోలేదు, రాసుకునుంటే బాగుండేది.

వాడి మాటలో ఒకటి మాత్రం నన్ను వదల్లేదు. కారంచేడు నుంచి పారిపోయి చీరాల చర్చిలో తలదాచుకున్నవాళ్ళు మళ్ళీ ఊరికి పోమన్నారు. చీరాలలోనే శిబిరం వేశారు, విజయనగర్ కాలనీ వచ్చింది. ఆ సెప్టెంబరులోనే దళిత మహాసభ పుట్టింది. ఊరు వదులుకోవడం ఓటమి అని మేం కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు వాదించేవాళ్ళం. ఆ కాలనీలో సాయంత్రం పూట అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళను చూశాక ఆ మాట అనడం మానేశాను. ఎవరికీ లేచి నిలబడక్కర్లేని అరుగు అది.

అయినా ఐడిల్‌వైల్డ్‌కు చట్టం చావు తెచ్చిందని నేననను. తెల్లవాళ్ళు తమ చెరువుకు వచ్చినవాళ్ళను ఆపడం మానేశారు గానీ, ఐడిల్‌వైల్డ్‌కు వచ్చి గదులు తీసుకోలేదు. కలవడం ఒకవైపే జరిగింది. మన దగ్గరా అంతే. మన పిల్లలు వాళ్ళ బళ్ళలోకి పోవడమే కలిసిపోవడం. వాళ్ళ పిల్లలు మన హాస్టల్లో అన్నం తిన్న రోజు ఎవరైనా చూశారా? 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో ఒక సర్కారు బళ్ళో దళిత స్త్రీ వండిన మధ్యాహ్న భోజనాన్ని పై కులాల పిల్లలు ముట్టుకోలేదు. పెద్దవాళ్ళు కాదు, మా పాప ఈడు పిల్లలు.

ఇప్పుడు పడవలో పాప అడిగిన ప్రశ్న దగ్గరికి వస్తాను. ఊరికి తిరిగొచ్చాక దాన్ని కూర్చోబెట్టి గోరేగావ్ కథ చదివాను. టోలు దగ్గర ఉర్దూలో అడిగిన చోట ఆపింది. "అంటే అంబేడ్కర్ తాత కూడా అమ్మలాగే చెప్పాడా?" అంది. అవునన్నాను. "అయితే అమ్మ తప్పు కాదు" అనేసి ఆడుకోవడానికి పోయింది. అంత తేలిగ్గా నాకు తేలలేదు. ఎందుకంటే అబద్ధం చెప్పింది నా సహచరి, ఆమె చెబుతుంటే ఊపిరి పీల్చుకుని హమ్మయ్య అనుకున్నది నేను. ఆ హమ్మయ్యను పాప చూసింది.

ఇది రాశాక అలవాటు ప్రకారం నా సహచరికి చదివి వినిపించాను. మొత్తం విని అడిగింది, "నేను రెడ్డి అనకపోతే ఆ రాత్రి మనకు గది ఉండేదా?"

తెలియదన్నాను.

"తెలియనప్పుడు నా మీద ఇంత రాశావు. పేరు వెనకాల ఏంటని అడిగినాయన మీద రెండు ముక్కలు రాశావు. వేడి రొట్టెలు పెట్టాడని కూడా రాశావు."

ఆమె మాట నిజమే. దిద్దుదామని కూర్చుని, ఉన్నది ఉన్నట్టే ఉంచాను. ఆమె అన్నది కింద చేర్చాను.

ఈ మే నెలకు చీరాల పోతున్నాం. వాడరేవులో సముద్రం, విజయనగర్ కాలనీలో మా వదినవాళ్ళ చుట్టాలిల్లు. మిషిగన్ మ్యాపు పెద్దది చేసి ఐడిల్‌వైల్డ్ సరస్సునూ, దాంట్లో ఉన్న చిన్న దీవినీ పాప కనిపెట్టింది. అక్కడికి ఎంతవుతుందని అడిగింది. చీటీ ఎన్నేళ్ళు కట్టాలో లెక్కేస్తున్నాను.

వైకోం వచ్చే ఆదివారం.